చిన్నమ్మతో వచ్చిన బండి

ఆవణి నెల, మొదటి శుక్రవారం, పొద్దున. స్థలం: కోవిల్‌పట్టిలో మా ఇంటి వాకిలి. ఉన్నవారు: నేను, నా భార్య సీతాలక్ష్మి, మా అమ్మాయి శాంతి, అల్లుడు మోహన్, మనవడు హరి, ఎదురింటి టీచరమ్మ. విషయం: హరికి మోటారు సైకిల్.

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రాసిన కాగితాలన్నీ ఇలాగే మొదలయ్యేవి. ఊరి పంచాయతీల సమావేశాలకు మినిట్స్ రాయడం నా పని. ముందు తేదీ, తర్వాత హాజరైనవాళ్ళ పేర్లు, ఆ తర్వాతే మాట. రిటైరై చాలా కాలమైనా డైరీలో ఆ అలవాటు పోలేదు. డైరీలు అరవంలోనే రాస్తాను, బడిలో చదివింది ఆ భాషే కాబట్టి. ఇది మాత్రం మా తాత పలక మీద దిద్దించిన తెలుగులో రాస్తున్నాను. ఇందులో వచ్చే మనుషులు బయట అరవం మాట్లాడినా గడప లోపల తెలుగే మాట్లాడారు. వాళ్ళ మాటలు ఇంకో భాషలో పెడితే నాకే పరాయివాళ్ళుగా కనబడతారు.

ఆ రోజు కొత్త బండి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, హెడ్‌లైటుకు చందనం పూసి, కర్పూరం వెలిగించారు. హరి బటన్ నొక్కితే బండి చిన్నగా గొంతు సవరించుకుంది, అంతే. అంత మెత్తటి చప్పుడు. హరి వెనక సీటు మీద తట్టి, మొదటి రౌండు తాతతోనే అన్నాడు. మోకాలు నొప్పి అన్నాను. అది నిజమే. నీ మొదటి బండి ఏది తాతా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపల సీతాలక్ష్మి, పెళ్ళయ్యాక కొన్న స్కూటరని చెప్పింది. ఆమెకు తెలిసినంతవరకు అది కూడా నిజమే. కానీ అంతకుముందు ఒక బండి ఉండేది. నా పేరున కాగితమేదీ లేదు గానీ, ఒక వానాకాలంలో కొన్ని వారాలపాటు అది నాది. ఆ బండితో మా ఇంటికి వచ్చిన చిన్నమ్మ ఈ ఏడు చిత్తిరై ఎండల్లో విరుదునగర్‌లో పోయింది. నేను వెళ్ళి చూసి వచ్చాను. అక్కడ చేరినవాళ్ళలో వయసు తక్కువ వాళ్ళకెవరికీ ఆమె ఒకప్పుడు మా ఇంటి కోడలని తెలియదు. నన్ను ఎవరని అడిగారు. దూరపు చుట్టం అని ఎవరో నా బదులు చెప్పారు.

మా ఊరు కోవిల్‌పట్టి నుంచి ఒట్టపిడారం పోయే వైపు, తారు రోడ్డు దిగి లోపలికి పోవాలి. అంతా రేగడి. ఎండాకాలం నేల నోరు తెరిచి తాత చేతికర్రను సగం మింగేది. వాన పడితే అదే నేల కాలిచెప్పును లాక్కుని మళ్ళీ ఇచ్చేది కాదు. ఇంట్లో తాత, అవ్వ, మా నాయన, అమ్మ, నాయన తమ్ముడు గోపాలు చిన్నాయన, నేను. ముందు గదిలో సగం ఎత్తున పత్తి ఉండేది. పత్తికి ఒక వాసన ఉంది, ఎండిన ఆకు వాసన, కొంచెం దుమ్ము, కొంచెం నూనె. చలికాలం మేము అందులోనే దొర్లి పడుకునేవాళ్ళం. పొద్దున లేవగానే అవ్వ సజ్జలు దంచే చప్పుడు, తాత ఎద్దులతో మాట్లాడే చప్పుడు. తాత మనుషులతో తక్కువ మాట్లాడేవాడు. ఎద్దులకు మాత్రం ఆ రోజు ఏ చేనికి పోవాలో, ఎవరు అలిగారో, ఎండ ఎట్లా ఉండబోతోందో అన్నీ చెప్పేవాడు. వాటి కొమ్ములకు ఆముదం రాసి, ఆ చేతినే తన తలకు రుద్దుకునేవాడు. తాత పక్కన కూర్చుంటే ఎద్దు పక్కన కూర్చున్నట్టే ఉండేది.

చిన్నాయనకు విరుదునగర్ నుంచి పిల్లను తెచ్చారు. పేరు రామలక్ష్మి. వాళ్ళ నాయనకు అక్కడ పప్పుల మండీ. మా ఊరికి బస్సు లేదని, తన భార్యకు కూతురు గుర్తొచ్చినప్పుడు కూతురు వచ్చి పోవాలని, ఆయన పెళ్ళిలో అల్లుడికి మోటారు సైకిల్ ఇచ్చాడు. మా చుట్టుపక్కల ఊళ్ళలో అది మొదటిది. దాన్ని ఎక్కడ నిలబెట్టాలన్న చర్చ ఒక పూట నడిచింది. నాయన వసారాలో అన్నాడు. తాత ఒప్పుకోలేదు. మనిషిని మోసేది ఏదైనా మోసేవాటితోనే పడుకోవాలని కొట్టంలో, ఎద్దుల పక్కన కట్టుగొయ్య దగ్గర నిలబెట్టించాడు. మొదట్లో ఎద్దులు బెదిరాయి. తర్వాత అలవాటై, పెద్దది దాని సీటును నాకేది. శుక్రవారం అవ్వ ఎద్దుల నుదుట పెట్టిన పసుపు కుంకుమలే దాని లైటుకూ పెట్టేది. కొట్టంలో పేడ, జొన్నచొప్ప, పెట్రోలు కలిసిన వాసన ఒకటి పుట్టింది. ఇప్పుడు ఏ పెట్రోలు బంకులో నిలబడినా అందులో సగం వాసనే వస్తుంది.

చిన్నమ్మ నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దది, అంతే. పట్నం పిల్ల. బావిలో చేద వేస్తే తాడు అరచేతులను కోసేది. రోకలి పట్టుకుంటే సజ్జలు కుండలో కన్నా వాకిట్లో ఎక్కువ పడేవి. కోడిపిల్లలకు మంచి కోడలు దొరికిందని అవ్వ అనేది. ఆమె అలిగేది కాదు. ఏడాది తిరిగేసరికి అవ్వకన్నా వేగంగా దంచేది, ఆ మాట అవ్వ చేతనే అనిపించింది. నన్ను దొరా అని పిలిచేది, నేను ఒక్క పని కూడా సరిగ్గా చేయనని. సంకటి కుండ అడుగున మాడిన చెక్క నాకిష్టమని దాచిపెట్టేది. మా అమ్మకు ఎప్పుడూ తలనొప్పి. అందువల్ల నాకు జ్వరం వస్తే తడిగుడ్డ వేసింది చిన్నమ్మ, పరీక్షకు పోయేటప్పుడు తల దువ్వింది చిన్నమ్మ.

ఎండిపోయిన చెరువులో చిన్నాయన నాకు బండి నేర్పాడు. చిన్నమ్మ కట్ట మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చూసేది. నేను పడిన ప్రతిసారీ అక్కడి నుంచే అరిచేది: "ఎద్దే మేలు దొరా. చెప్తే వింటాది." చిన్నాయన వెనక కూర్చుని నా భుజాల మీద చేతులు వేసి, క్లచ్చును మెల్లగా వదలమనేవాడు. ఇప్పటికీ ఏ బండి క్లచ్చు పట్టుకున్నా నా భుజాలు ముందు బిగుసుకుంటాయి.

మూడో ఏడు ఐప్పసిలో, దీపావళి వచ్చే నెలలో, చిన్నాయనకు కామెర్లు వచ్చాయి. ఆకు పసరు పోశారు, పథ్యం పెట్టారు, ఆఖరుకు కోవిల్‌పట్టి తీసుకుపోయారు. కళ్ళు పసుపుగా మారిన మనిషి నన్ను చూసి బండి తుడిచావా అని అడిగాడు. తుడిచానన్నాను. అదే ఆఖరి మాట నాతో.

మా వాళ్ళలో ఒక వాడుక ఉండేది. ఎద్దులను తోలిన మనిషి పోతే, ఆ ఎద్దులను కొయ్యకు కట్టి ఉంచకూడదు. పదహారో దినం లోపల అదే రక్తంలోని మగపిల్లవాడు వాటిని కట్టుకుని ఊరి ఎల్ల చుట్టి రావాలి. చుట్టినవాడిదే ఆ జత. లేకపోతే ఎద్దులు తోలినవాడి కోసం ఎదురుచూసి మేత మానేస్తాయని నమ్మకం. మా నాయన, చిన్నాయన తోలే ఎద్దులను కట్టి ఎల్ల చుట్టి వచ్చాడు. అది అయ్యాక తాత కొట్టంలోకి చూపు తిప్పాడు. బండి ఎద్దుల పక్కన, తన స్థలంలో నిలబడి ఉంది. దీన్ని తోలింది కూడా వాడే కదా అన్నాడు. ఇంట్లో ఇంకెవరికీ బండి రాదు. నన్ను పిలిచారు.

తడిగుడ్డ కట్టుకుని, నుదుట విభూతితో, నాలుగోసారి తంతే గానీ ఎత్తుకోని బండి మీద నేను ఎల్ల చుట్టాను. వెనక భుజాల మీద చేతులు లేవు. ఏడవాలని ఉంది. అదే సమయంలో మలుపు దగ్గర నేనే సొంతంగా గేరు మార్చి, బండి పడిపోకుండా ముందుకు పోయినప్పుడు ఒళ్ళంతా ఒక సంతోషం పాకింది. ఆ వయసులో అవి రెండూ ఒకే ఒంట్లో ఎట్లా ఉంటాయో నాకు తెలియలేదు. ఇప్పుడూ తెలిసిందని చెప్పలేను. తిరిగి వచ్చేసరికి తాత కొట్టం దగ్గర నిలబడి, బండి సీటు మీద అరచేయి పెట్టి, ఇంక ఇది నీది అన్నాడు. ఆ విధంగా నాకు మొదటి మోటారు సైకిల్ దొరికింది.

పదహారో దినానికి విరుదునగర్ నుంచి చిన్నమ్మ నాయన, అన్న వస్తారని తెలిసింది. ఆమె అన్నను నేను మామ అనేవాణ్ణి. పిల్లలు లేని చిన్న వయసు పిల్లను పుట్టింటికి పిలుచుకుపోవడం కూడా మా వాడుకే. దాంట్లో ఇంకొక నియమం: పెళ్ళిలో ఆమె వెంట వచ్చినవన్నీ ఆమె వెంటే ఎల్ల దాటాలి. వస్తువును ఆపి మనిషిని పంపకూడదు, మనిషిని ఆపి వస్తువును పంపకూడదు. వాళ్ళు వచ్చే ముందు రోజు సాయంత్రం ఎద్దులకు కుడితి పెడుతుంటే చిన్నమ్మ కొట్టంలోకి వచ్చింది. చేతులకు గాజులు లేకపోవడం వల్ల ఆమె వచ్చిన చప్పుడు నాకు తెలియలేదు.

"రేపు బండి ఎవరిదని మాట వస్తాది. నాది అను."

"నాదే కదా చిన్నమ్మా. తాత చెప్పినాడు."

"చెప్పినాడు. పదిమందిలో నువ్వు గట్టిగా అను. బండి ఈడ నిలిస్తే నేనూ ఈడే నిలుస్తా. వెంట వచ్చింది వదిలేసి నన్ను ఒక్కదాన్ని పిలుచుకొని పొయ్యే వళక్కం లేదు."

అక్కడ మీ అమ్మ ఉంది కదా, ఎందుకు పోకూడదు అని అడిగాను. ఆమె కుడితి తొట్టిలో తేలుతున్న చొప్ప పుల్లను తీసి పారేసింది.

"ఆడ ఇద్దరు వదినెలు ఉండారు సామీ. ఆడ నేను పొయ్యే దినం దాటిపోయిన చుట్టాన్ని. ఈడ కసువు చిమ్మినా నా వాకిలి."

మరునాడు వసారాలో చాప మీద తాత, మా నాయన, చిన్నమ్మ నాయన, మామ కూర్చున్నారు. ఆడవాళ్ళు లోపల తలుపు వెనక. నేను స్తంభం దగ్గర నిలబడ్డాను. ఇత్తడి సామాన్లు, పెట్టెలు, మంచం ఒక్కొక్కటిగా అనుకుంటూ వచ్చారు. బండి దగ్గర తాత ఆగాడు. నేను ముందుకు వచ్చి, బండి నాది, ఎల్ల చుట్టింది నేను అన్నాను. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది మాట.

మామ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. పిల్లవాడికి బండి మీద ఎంత ఆశ చూడండి అన్నాడు. అంతే, ఆ ఒక్క మాటతో నా మాట రంగు మారిపోయింది. అందరూ నన్ను ఆ రంగులోనే చూశారు.

"సిగ్గు లేదారా?" అన్నాడు మా నాయన. "వాడు పోయి ఇన్ని దినాలు కాలేదు, బండికి పంతం పడుతుండావు."

"బండి కోసం కాదు."

"మరి ఏంటికి?"

చిన్నమ్మ కోసం అంటే, ఆమే చెప్పించిందా అంటారు. మొగుడు పోయిన పిల్ల, మీసం మొలుస్తున్న పిల్లవాణ్ణి పట్టుకుని ఇంట్లో నిలవాలని చూస్తోందంటారు. పూర్తిగా తెలియకపోయినా ఆ మాటల నీడ నాకు తగిలింది. ఇంకొకటి కూడా ఉంది. బండి కోసం కాదన్నది మొత్తం నిజం కాదు. అది కూడా కావాలి నాకు. ఆ సగం అబద్ధం గొంతుకు అడ్డం పడి, మిగిలిన నిజాన్ని కూడా బయటికి రానివ్వలేదు. నేను స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను.

తాత చాలాసేపు ఆకు నమిలాడు. తానే ఎద్దుల పక్కన నిలబెట్టినదాన్ని ఇప్పుడు ఏమనాలో ఆయనకు తోచలేదనుకుంటాను. బండి ఎద్దయితే ఇంట్లో ఉండాలి, సామానైతే పోవాలి. రెండు వాడుకలూ ఆయనవే, రెండూ ఒకే బండి మీద ఎక్కి కూర్చున్నాయి.

"మేత వెయ్యకుంటే ఎద్దు చస్తాది," అన్నాడు చివరికి, మావైపు చూడకుండా. "పెట్రోలు పొయ్యకుంటే ఇది చావదు. ఇది ఎద్దు కాదు. చెంబు, తపేలా మాదిరి. పిల్లతో వచ్చింది, పిల్లతో పోనీ."

లేచి కొట్టంలోకి పోయాడు. ఆ రోజు ఆయన ఎద్దులతో మాట్లాడిన చప్పుడు వినబడలేదు.

ఆ ఏడు ఆలస్యమైన వాన అప్పుడే పట్టుకుంది. కార్తీక మాసపు ముసురు. చిన్నమ్మ నాయన మండీ పనులున్నాయని రోడ్డుదాకా నడిచి వెళ్ళి బస్సెక్కాడు. మామ ఉండిపోయాడు. చక్రమున్న ఏదీ మా ఊరి నుంచి కదలలేదు. మార్గళి, అంటే ధనుర్మాసం, పుడితే ఆ నెలంతా మనిషిని పంపరు, సామాను కదల్చరు. సంక్రాంతితో తై పుడితే పత్తి ఏరడం మొదలు, ప్రతి చెయ్యీ కావాలి, అప్పుడు ఎవరు పంపుతారు? ఈ లెక్క చిన్నమ్మ నాకు చెప్పలేదు. కానీ పొద్దున లేవగానే ఆమె మొదట ఆకాశం చూసేది, నేను ఆమె ముఖం చూసేవాణ్ణి. మామ కూడా ఆకాశమే చూసేవాడు. ఒకే మబ్బు మీద ఇద్దరి కళ్ళు. పొయ్యి దగ్గర ఆమె మళ్ళీ కూనిరాగం తీస్తుంటే అవ్వ విని, పచ్చిమిరపకాయలు ఆమె వైపు జరిపింది. నేను రోజూ కొట్టంలో బండి తుడిచేవాణ్ణి. తుడిచినంతసేపూ అది నాదిగానే ఉండేది.

మార్గళి ముందు రోజు తెల్లారేసరికి వాన నిలిచింది. తాత చేనిలో పిడికెడు మట్టి తీసి ఉండచేసి నేలకు కొట్టాడు. అది పగలలేదు, అతుక్కుంది. ఇవాళ చక్రం తిరగదన్నాడు. రేపు మార్గళి, ఇవాళ కాకపోతే కుదరదన్నాడు మామ. నాయన ఎద్దులబండి కట్టి పెట్టెలు, సామాన్లు ఎక్కించాడు. మనిషి, వెంట వచ్చిన బండి కలిసే ఎల్ల దాటాలి కాబట్టి చిన్నమ్మ నా వెనక కూర్చుంది. అవ్వ గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ తలనొప్పితో లోపలే ఉంది.

ఊరు దాటకముందే రేగడి తన పని చేసింది. మట్టి టైరుకు చుట్టుకుని, మడ్‌గార్డు లోపల గట్టిపడి, చక్రాన్ని పిడికిట్లో పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇంజను అరుస్తుంది, చక్రం తిరగదు. దిగి పుల్లతో గీకడం, రెండు బారల దూరం పోవడం, మళ్ళీ గీకడం. చిన్నమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఎండు పత్తికట్టెతో వెనక చక్రం గీకసాగింది. మోచేతుల దాకా నల్లటి మట్టి. ముక్కు మీద కూడా.

"నీ ఎద్దు పండుకొనింది దొరా," అంది. నవ్వింది. చిన్నాయన పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. నేనూ నవ్వాను. ఇక్కడే సాయంత్రమైపోతుందని, తెల్లారితే మార్గళి అవుతుందని, బండిని తోసుకుంటూ ఇద్దరం వెనక్కి పోతామని నాకు నమ్మకం కలిగింది. కావాలనే మెల్లగా గీకాను. ఆమె కూడా మెల్లగానే గీకుతోందని గమనించాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

ముందు పోయిన ఎద్దులబండి ఆగింది. నాయన దిగి వచ్చి చూశాడు. మోకు తెచ్చి బండి ముందు ఫోర్కుకు కట్టి, రెండో కొసను ఎద్దులబండికి ముడివేశాడు. మామ వచ్చి ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు. చిన్నాయన ఎద్దులు చిన్నాయన బండిని లాగడం మొదలుపెట్టాయి. నేను హ్యాండిల్ పట్టుకుని పక్కన నడిచాను. చక్రాలు తిరగకుండానే బురదలో జారుతూ పోతున్నాయి. కొంతదూరం పోయాక ఎద్దులు కష్టపడుతున్నాయని నాయన అరిచాడు. చిన్నమ్మ వెనక నుంచి సీటు మీద రెండు చేతులు పెట్టి తోసింది. తను పోకూడదనుకున్న దారిలో తానే తోసుకుంటూ, చెప్పులు లేని కాళ్ళతో, తారు రోడ్డు వచ్చేదాకా.

రోడ్డు పక్క గుంటలో కాళ్ళు, చక్రాలు కడిగాం. మామ పెట్టెలు, సామాన్లు బస్సు మీదికి ఎక్కించి తనూ ఎక్కాడు. చెల్లెలిని కూడా రమ్మన్నాడు. ఆమె, వీడితోనే వస్తానని అంది. సరేనన్నాడు. కోవిల్‌పట్టి మీదుగా పోతుంటే బెల్లం పాకంలో వేరుశనగ పడిన వాసన వచ్చింది. సాత్తూరు వంతెన దాటాం. అంత దూరం నేను ఎప్పుడూ బండి నడపలేదు. తారు మీద బండి ఎంత బాగా పోయిందో చెప్పలేను. ఎంత బాగా పోతే అంత త్వరగా చేరతామని తెలిసి కూడా చెయ్యి తిప్పుతూనే ఉన్నాను. విరుదునగర్ మిరపకాయల ఘాటు ముక్కుకు తగిలినప్పుడు వెనక నుంచి ఆమె అడిగింది:

"ఇట్లే పోతే మదురై వస్తాది కదా?"

"వస్తాది."

"ఆ తర్వాత?"

"తెలీదు చిన్నమ్మా."

"సరి, తిప్పు. మా ఈది వచ్చేసె," అంది.

ఇంటి ముందు వాళ్ళ అమ్మ ఏడుస్తూ వచ్చి ఆమెను పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. మామ మాకన్నా తర్వాత వచ్చి, బాగా నడిపినావు అల్లుడా అని భుజం తట్టి, నా చేతిలో నుంచి తాళంచెవి తీసుకున్నాడు. మంచి మనిషే. ఆ రోజుల్లో నాకు అడ్డం వచ్చినవాళ్ళందరూ మంచివాళ్ళే. ఒక్కరు చెడ్డవాళ్ళయి ఉంటే నేను ఎవరినైనా ఎదిరించి ఉండేవాణ్ణేమో.

ఇప్పుడు మా ఎదురింట్లో ఉన్న టీచరమ్మ భర్త రెండేళ్ళ కింద పోయాడు. ఆయన స్కూటరు మీదే ఆమె రోజూ బడికి పోతుంది. పొద్దున తలలో పూలతో, వెనక కూతురిని కూర్చోబెట్టుకుని. ఆ స్కూటరు ఎవరిదని ఎవరూ అడగరు, ఆమె ఎక్కడ ఉండాలని ఎవరూ చాప వేసి కూర్చోరు. మా ఊరి దారి తారు అయింది, కొట్టం ఉన్న చోట అద్దె ఇల్లు. తాత లాంటివాళ్ళు పోయారని కొందరు బాధపడతారు. నేను ఆయన కోసం బాధపడతాను, ఆయన వాడుకల కోసం కాదు. అయినా హరి బండికి నిమ్మకాయలు పెట్టినప్పుడు, దీన్ని ఎవరి పక్కన పడుకోబెడతారని ఒక్క క్షణం అనిపించింది. కారు షెడ్డులో, ఇన్వర్టర్ పక్కన. హరికి బండి ఇవ్వడానికి ఎవరూ పోనక్కర్లేదు, దాన్ని ఉంచుకోవడానికి ఎవరినీ పదిమందిలో నిలబెట్టనక్కర్లేదు. మేలే. చిన్నమ్మ ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా ఆ పుట్టింట్లో వదినెల పిల్లలను పెంచింది, మనవళ్ళను పెంచింది. పెళ్ళిళ్ళలో కనబడితే బాగుండావా దొరా అనేది. నేను బాగున్నాననేవాణ్ణి. అంతకుమించి ఆమెకు నేను ఏమీ చేయలేకపోయాను, అప్పుడూ, ఉద్యోగం వచ్చాకా, ఆ తర్వాతా.

విరుదునగర్‌లో బండి అప్పగించిన మరునాటి ఉదయం. మార్గళి మొదటి దినం, వీధుల్లో ముగ్గులు. మామ అప్పటికే బండి వేసుకుని మండీకి పోయాడు. నేను బయలుదేరతానంటే చిన్నమ్మ తల్లి ఇడ్లీలు పొట్లం కట్టి ఇచ్చింది. నేను గడప దగ్గర నిలబడ్డాను. ఆ తల్లి నా ముఖం చూసి, మొగుడు పోయిన పిల్ల ప్రయాణం పొయ్యేవాళ్ళకు ఈ ఏడంతా ఎదురు రాకూడదు నాయనా, అది రాదు, నువ్వు పో అంది. లోపల రుబ్బురోలు తిరుగుతోంది. చిన్నమ్మా, పోయొస్తా అని కేకవేశాను. రోలు ఆగింది. కాసేపు చూశాను. మళ్ళీ తిరిగింది.

బస్సు మారి, మా ఊరి రోడ్డు దగ్గర దిగేసరికి ఎండ ఎక్కింది. ముందు రోజు ఎండకీ గాలికీ రేగడి పైపొర గట్టిపడింది. దారి మధ్యలో ఎద్దులబండి రెండు గీతలు, వాటి నడుమ మోటారు సైకిల్ జారిన ఒక్క గీత, పక్కన నా చెప్పుల గుర్తులు. వాటి వెనక, చిన్నవి, చెప్పులు లేనివి, వేళ్ళ దగ్గర లోతుగా దిగినవి. మడమలు సరిగా ఆనలేదు, తోసేవాళ్ళ అడుగు అలాగే పడుతుంది. అన్నీ రోడ్డు వైపుకే. నేను వాటికి ఎదురుగా, దారి దిగి చేని గట్టు మీద నడిచాను. మాకు వాన ఇంక వచ్చే ఐప్పసికే. అంతదాకా అవి ఇట్లాగే ఉంటాయని లెక్క వేశాను. సగం దూరం పోయాక గొర్రెల మంద ఎదురొచ్చింది. కాపరిని పక్కగా తోలుకుపొమ్మని అడిగాను. అతను వింతగా చూసి, దారిలో ఏదైనా పడేసుకున్నావా అని అరవంలో అడిగాడు. లేదన్నాను. అయితే పోనీ అని మందను ముందుకు తోలాడు. గొర్రెలు తలలు వంచుకుని, ఒకదాని వీపు మీద ఒకటి తల పెట్టి, దారి నిండా పరుచుకుని వచ్చాయి. అన్నీ దాటేదాకా నేను గట్టు మీద నిలబడ్డాను.